గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్ళు

ఆ ఇంట్లో మొదటి సాయంత్రం వండిన అన్నం పది పన్నెండు మందికి సరిపోతుంది. తినేవాళ్ళు ముగ్గురు, పద్దెనిమిది నిండి పిల్లల సంరక్షణ గృహం (హోమ్) నుంచి బయటికి వచ్చిన అమ్మాయిలు. నేను పప్పు గిన్నె, ఆవకాయ సీసా పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళేసరికి పెద్దమ్మాయి స్టవ్వు ముందు బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. అన్నం ఉబ్బి మూతను పైకి నెట్టేసింది. గంజి పొంగి బర్నరు మీద పడి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. ముందు దాన్ని కట్టేసి, కిటికీ తెరిచి, ముగ్గురినీ బయట వరండాలో కూర్చోబెట్టి, వాసన పోయాక అడిగాను.

"ఎన్ని బియ్యం పోశావు తల్లీ?"

"ఒక పడి, మేడం. హోమ్‌లో వంటమ్మ పూటకు పది పడులు పోసేది. ఒక పడి కన్నా తక్కువ వండుకోవచ్చని నాకు తెలియదు."

మూడేళ్ళు దాటినా ఆ మాట నా చెవుల్లో ఉంది. పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసైన పిల్ల. ముగ్గురికి సరిపడా అన్నం వండడం పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మన ఇళ్ళలో దీన్ని పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. అమ్మ బియ్యం కడుగుతుంటే పక్కన నిలబడతారు. బియ్యం మీద వేలు ఆనించి మొదటి కణుపు దాకా నీళ్ళు పోయడం చూస్తారు. కొట్టుకు వెళ్ళి అర కిలో కందిపప్పు తెస్తారు, చిల్లర తక్కువ తెస్తే చీవాట్లు తింటారు. ఏళ్ళ తరబడి రోజూ కళ్ళముందు జరిగే పని కాబట్టి అది కూడా ఒక చదువేనని మనకు తోచదు. నూట ఇరవై మంది ఉండే హోమ్‌లో పెరిగిన పిల్లకు వేళకు పళ్ళెంలోకి అన్నం వస్తుంది. వంటగదికి తాళం ఉంటుంది. పిల్లలు కాల్చుకోకూడదని పెట్టిన తాళమే అది, తప్పు పట్టలేను. కానీ ఆ తలుపు వెనకాల ఏమి జరుగుతుందో తెలియకుండానే పద్దెనిమిదేళ్ళు నిండిపోతాయి.

నాది చెన్నైలోని పెరంబూరు. 1955లో ఇక్కడ రైలు కోచ్ ఫ్యాక్టరీ మొదలైనప్పుడు మా మామగారు నెల్లూరు నుంచి వచ్చి చేరారు. మావారు కూడా అందులోనే పనిచేసి రిటైరయ్యారు. నేను బ్యాంకులో ముప్పై మూడేళ్ళు కౌంటరు వెనక కూర్చుని 2019లో బయటికి వచ్చాను. 2021 చివర్లో ఒక హోమ్ నుంచి మా రిటైర్డ్ ఉద్యోగులకు కబురు వచ్చింది, పద్దెనిమిది నిండబోతున్న అమ్మాయిలకు ఖాతాలు తెరిపించడానికి ఎవరైనా రాగలరా అని. ఒక్క పూట పని అనుకుని వెళ్ళాను. అక్కడ నాతో తెలుగులో మాట్లాడిన పిల్లలు ముగ్గురు. ఇటుక బట్టీలకు, కట్టుబడి పనులకు మన వైపు నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు. వాళ్ళ వెనకటి కథ వాళ్ళది, దాన్ని నేను రాయను. పేర్లు కూడా రాయను. ముగ్గురికీ వయసులో నెలల తేడానే ఉన్నా వాళ్ళలో వాళ్ళే పెద్దది, నడిపిది, చిన్నది అని వరస పెట్టుకున్నారు. నేనూ అలాగే పిలుస్తాను.

తెలుగు మాట్లాడతారు గానీ చదవడం, రాయడం తమిళమే. సరుకుల చీటీని తెలుగు మాటలతో తమిళ అక్షరాల్లో రాస్తారు. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం కాబట్టి గసగసాలు కాస్తా కసకసాలు అవుతాయి. ఆ చీటీలన్నీ నా దగ్గర ఒక డబ్బాలో దాచుకున్నాను.

చట్టం ఏమి చెబుతుందో తెలిసినంత వరకు చెబుతాను, ఎందుకంటే ఇది తెలియక ఊరుకున్న పిల్లలను చాలామందిని చూశాను. 2015 నాటి బాలల న్యాయ చట్టం, దాని నిబంధనల ప్రకారం, సంరక్షణ గృహం నుంచి పద్దెనిమిది నిండి బయటికి వచ్చేవారికి ఆ తరువాత కూడా ఆసరా ఇవ్వవచ్చు. ఇరవై ఒకటి నిండే వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో ఇరవై మూడు వరకు. కేంద్రం నడిపే పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద ఇందుకు నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగాలి. హోమ్ నుంచి బయటికి రాకముందే అడిగితే మంచిది. బయటికి వచ్చాక కాగితాలు ఒక్కొక్కటిగా జారిపోతాయి.

డబ్బు ఒక ఎత్తు. ఎవరో ఒకరు ఉన్నారన్న ధైర్యం ఇంకో ఎత్తు. మా బంధువుల్లో ఒకావిడ నన్ను అడిగింది, "ఇంకా ఎన్నాళ్ళు చూస్తావు వాళ్ళని?" అని. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి ముప్పై నాలుగేళ్ళు. చారు పొడిలో ధనియాలు ఎన్ని, పాపకు జ్వరం వస్తే చన్నీళ్ళ గుడ్డ వేయాలా వద్దా అని వారానికి రెండుసార్లు ఫోను చేస్తుంది. దాన్ని ఎన్నాళ్ళు చూస్తావని ఆవిడ ఎన్నడూ అడగలేదు. సొంత పిల్లలకు మనం పెట్టని గడువు ఈ పిల్లలకు మాత్రం ఎందుకు పెట్టాలి? ఈ విషయంలో నాకు కోపం వస్తుంది, దాచుకోను.

ఇల్లు దొరకడానికి రెండు నెలలు పట్టింది. పద్నాలుగు ఇళ్ళు చూశాం. "అమ్మానాన్నలు ఏ ఊళ్ళో ఉంటారు?" అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు విన్నాక రెండో ప్రశ్న ఉండేది కాదు, వాటా అప్పుడే ఎవరికో ఇచ్చేశామనేవారు. చివరికి రైలు పట్టాల పక్క వీధిలో మేడ మీద ఒక వాటా దొరికింది. కింద ఇంటావిడ ఒక్కతే ఉంటుంది, డెబ్బై దాటిన తమిళ ముసలావిడ. పిల్లలు ఆమెను పాటి అంటారు, అంటే అవ్వ. అద్దె 7,500. అడ్వాన్సు ఆమె ఆరు నెలలది అడిగింది. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే మూడు నెలల అద్దెకు మించి తీసుకోకూడదని తమిళనాడు 2017 నాటి అద్దె చట్టంలో ఉందని మర్యాదగా చెప్పి, నాలుగు నెలలకు ఒప్పించి, కాగితం రాయించాం. హామీ సంతకం నాది. ఇల్లు తీసుకున్న రోజునే నాలుగు గోడలూ ఫోటో తీసి పెట్టుకోమని పెద్దమ్మాయికి చెప్పాను. గ్యాసుకు 5 కిలోల చిన్న సిలిండరు తెచ్చాం. దానికి చిరునామా రుజువు అక్కరలేదు, గుర్తింపు కార్డు చాలు. ఇల్లు మారుతూ ఉండేవాళ్ళకు అదే మేలు.

తాళంచెవి గురించి చెప్పాలి. మూడు చెవులు చేయించి తలా ఒకటి ఇచ్చాను. చిన్నమ్మాయి దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తన జీవితంలో తన చేతికి వచ్చిన మొదటి తాళంచెవి అది. ఎర్ర రిబ్బను కట్టి మెడలో వేసుకుంది, నిద్రలో కూడా తీయలేదు. తరువాత నడిపిది చెప్పింది, మొదటి వారం చిన్నది రాత్రిపూట లేచి తలుపు దగ్గరికి వెళ్ళి తాళం తీసి, మళ్ళీ వేసి, వచ్చి పడుకునేదట.

వంట పది రోజుల్లో వచ్చేసింది. గ్లాసుకు రెండు గ్లాసులు, పాత బియ్యమైతే ఇంకొంచెం. రానిది వేరే ఉంది. హోమ్‌లో లేవడానికి గంట, స్నానానికి గంట, భోజనానికి గంట. ఇక్కడ గంట కొట్టేవాళ్ళు లేరు. ఒక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వెళితే ముగ్గురూ వండిన గిన్నెల చుట్టూ తినకుండా కూర్చుని ఉన్నారు. ఎందుకంటే చెప్పలేకపోయారు. చిన్నది మాత్రం నా మొహం చూసి, "తినవచ్చా మేడం?" అంది. మరో రోజు కొట్టు దగ్గర నుంచి ఫోను చేసి, సబ్బు అయిపోయింది, కొనుక్కోవచ్చా అని అడిగింది. డబ్బు తనదే. సబ్బు తనకే.

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. నేను పనులు నేర్పుతున్నాను, వాళ్ళకు కావలసింది నిర్ణయం తీసుకునే అలవాటు. ఏ సబ్బు కొనాలో తేల్చుకోవడం, తప్పు సబ్బు కొనడం, ఒళ్ళు దురద పెడితే వచ్చే నెల ఇంకోటి కొనడం. మన పిల్లలు ఇలాంటి పొరపాట్లు చిన్నప్పుడే వందల కొద్దీ చేసి ఉంటారు. చేసినప్పుడల్లా వెనక ఎవరో ఉంటారు. వీళ్ళకు ఆ పొరపాట్లన్నీ పద్దెనిమిది నిండాక, అద్దె కట్టుకుంటూ చేయవలసి వచ్చింది.

పెద్దమ్మాయికి అంబత్తూరు పారిశ్రామికవాడలో ప్యాకింగు పని దొరికింది. పెరంబూరులో రైలు ఎక్కి పట్టరవాక్కంలో దిగితే నడిచి వెళ్ళవచ్చు, నెలకు సీజన్ టికెట్. మొదటి జీతం వచ్చిన రాత్రి తొమ్మిదింటికి ఏడుస్తూ మా ఇంటికి వచ్చింది. 13,500 అని చెప్పి 12,078 వేశారట. మోసపోయానని, రేపటి నుంచి వెళ్ళనని అంది. జీతం చీటీ చూపించమన్నాను. నలిగిపోయి, నాలుగు మడతలుగా ఉంది. దాన్ని భోజనాల బల్ల మీద చదును చేసి, చెంచా గిన్నె బరువు పెట్టి, ఒక్కో గడి మీద వేలు పెట్టి చదివించాను. మూల వేతనం 11,000. దాని మీద నూటికి పన్నెండు వంతున పీఎఫ్ 1,320. మొత్తం జీతం మీద నూటికి ముప్పావు రూపాయి చొప్పున ఈఎస్ఐ 102. కాగితం మీద తానే కలిపింది, 1,422. 13,500లో తీసేసింది. లెక్క సరిపోయింది.

"ఈ డబ్బు ఎక్కడికి పోయింది?" అంది.

"ఎక్కడికీ పోలేదు. నీ పేరు మీదే ఉంది. కంపెనీ కూడా తన వంతు పన్నెండు శాతం కలుపుతుంది. ఈఎస్ఐ కార్డు ఉంటే అయనావరం ఆసుపత్రిలో నీకు వైద్యం ఉచితం."

"నా పేరు మీదా?"

"నీ పేరు మీదే."

మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. ఆ చీటీని తిరిగి నాలుగు మడతలు పెట్టలేదు. పుస్తకంలో పెట్టుకుని తీసుకువెళ్ళింది.

ఇప్పుడు నా తప్పు గురించి. బ్యాంకు మనిషిని కాబట్టి డబ్బు విషయంలో నేను గట్టిగా ఉన్నాను. అద్దె, సరుకులు, కరెంటు, రవాణా, పొదుపు అని కవర్లు చేసి, ప్రతి ఆదివారం లెక్కల పుస్తకం చూసేదాన్ని. పది రూపాయలు తేడా వచ్చినా ఎందుకని అడిగేదాన్ని. గద్దించలేదు, కానీ అడిగేదాన్ని. 2023 వేసవిలో పెద్దమ్మాయి చిక్కిపోవడం మొదలుపెట్టింది. ఫోను మోగితే ఉలిక్కిపడేది. ఆదివారం లెక్కలు మాత్రం పైసాతో సహా సరిపోయేవి. అంత సరిగ్గా సరిపోతున్నప్పుడే అనుమానం రావలసింది, ముప్పై మూడేళ్ళ అనుభవం ఉన్నదాన్ని.

నడిపిదానికి పన్ను నొప్పి వచ్చింది. ప్రైవేటు డాక్టరు మూడు వేలు అవుతుందన్నాడు. ఏ కవరులోనూ పన్ను నొప్పికి చోటు లేదు. నన్ను అడిగితే లెక్క తప్పినట్టవుతుందని పెద్దది ఫోనులో ఒక అప్పుల యాప్ పట్టుకుంది. మూడు వేలని చెప్పి చేతికి 1,950 ఇచ్చారు, వారంలో మూడు వేలూ కట్టమన్నారు. కట్టలేక ఇంకో యాప్, దానికోసం ఇంకొకటి. ఫోనులో ఉన్న నంబర్లన్నింటికీ బూతు సందేశాలు పంపుతామని బెదిరించారు. ఫ్యాక్టరీ సూపర్వైజరుకు ఒకటి పంపనే పంపారు. ఇంత జరిగాక కూడా నాకు చెప్పినది తను కాదు, చిన్నది.

ఫోనులోని నంబర్ల జాబితా తీసుకోవడానికి అప్పుల యాప్‌లకు వీలు లేదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే నిబంధన పెట్టింది. ఆ రాత్రే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి ఫిర్యాదు ఇచ్చాం. సందేశాలన్నీ ఫోటోలు తీసి దాచాం, యాప్‌లన్నీ తీసేశాం. బెదిరింపులు ఇంకో రెండు వారాలు వచ్చి ఆగిపోయాయి. సూపర్వైజరుతో నేనే మాట్లాడాను, ఆయన పెద్ద మనసుతో అర్థం చేసుకున్నాడు. ఊళ్ళోనే ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రి ఉంది. అది వాళ్ళకు తెలియదు. నేను చెప్పలేదు. పొదుపు గురించి అన్ని ఆదివారాలు చెప్పినదాన్ని, పన్ను నొప్పి వస్తే ఎక్కడికి వెళ్ళాలో ఒక్క మాట చెప్పలేదు.

"నాతో ఎందుకు చెప్పలేదు తల్లీ?" అని అడిగాను.

"మీరు పుస్తకం చూస్తారు కదా," అంది.

ఆ తరువాత నేను లెక్కల పుస్తకం అడగలేదు. వాళ్ళుగా తెరిచి చూపిస్తే చూస్తాను. మొదటి రెండు నెలలు ఎవరూ తెరవలేదు, నాకు కష్టంగానే ఉంది. మూడో నెలలో నడిపిది తెచ్చి, పురసవాక్కంలో తను పనిచేసే బట్టల కొట్లో తనకోసం తానే చీర కొనుక్కున్నానని, డబ్బు తక్కువ పడిందని, ఏమి చేయమంటారని అడిగింది. రంగు బాగుంది. ముందు అదే చెప్పాను. ఎప్పటి నుంచో గుర్తులేదు గానీ ఆ రోజుల్లోనే మేడం అన్న పిలుపు పోయి పెద్దమ్మ అన్నది వచ్చింది.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చింది. బాపట్ల దగ్గర తీరం దాటక ముందు చెన్నైని ముంచేసింది. మూడో తేదీ రాత్రి కరెంటు పోయింది, నాలుగో తేదీకి ఫోను కూడా పోయింది. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. పిల్లలుండే వీధి ఇంకా పల్లం. మావారు వెళ్ళవద్దన్నారు, నిజానికి వెళ్ళే దారి కూడా లేదు. రెండు రాత్రులు నిద్ర లేదు. అన్నం పొంగి స్టవ్వు ఆరిన ఆ మొదటి సాయంత్రమే కళ్ళముందు మెదిలేది. మూడో రోజు పొద్దున నీళ్ళు కొంత తీశాక కర్ర పట్టుకుని బయలుదేరాను.

కింద పాటి ఇంట్లోకి నీళ్ళు వచ్చి మంచం పట్టెల దాకా తడి గుర్తు ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. గుండె జారిపోయింది. మెట్లెక్కి చూద్దును కదా, పాటి వీళ్ళ గదిలో చాప మీద దుప్పటి కప్పుకుని కూర్చుని గంజి తాగుతోంది. నాలుగో తేదీ తెల్లవారుజామున నీళ్ళు గడప దాటుతున్నప్పుడే ముగ్గురూ కలిసి ఆవిడను ఎత్తుకుని పైకి తెచ్చారట. ముందు కింద మెయిన్ స్విచ్ కట్టేసినది నడిపిది. పాటి బీపీ మాత్రలు, పెన్షను పుస్తకం, వీళ్ళ ఆధార్లు, మార్కుల జాబితాలు, ఆ జీతం చీటీలు అన్నీ ప్లాస్టిక్ కవర్లలో చుట్టి అటక మీద పెట్టారు. ఇరవై లీటర్ల మంచినీళ్ళ డబ్బాలో సగం ఉంది. మనిషికి రోజుకు ఇన్ని గ్లాసులని చిన్నది గోడ మీద బొగ్గుతో గీతలు గీసింది. గ్యాసు ఎంత మిగిలిందో తెలియదు కాబట్టి రోజుకు ఒక్కసారే పొయ్యి వెలిగించారు.

"నువ్వు ఈ నీళ్ళలో ఎందుకు వచ్చావు పెద్దమ్మా?" అని నన్నే కోప్పడింది పెద్దది. తుడుచుకోవడానికి తువ్వాలు ఇచ్చి, నాకు కూడా గంజి పోసింది. ఉప్పు సరిగ్గా ఉంది.

మొన్న జూన్‌లో పాటి కొడుకు కుటుంబంతో తిరిగి వస్తున్నాడని ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. కొత్త ఇల్లు విల్లివాక్కంలో వాళ్ళే వెతుక్కున్నారు. ఎన్ని చూశారో, ఎక్కడ కాదన్నారో నాకు తెలియదు. అడ్వాన్సు తిరిగి ఇచ్చే రోజు మాత్రం తోడుగా రమ్మన్నారు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. కొడుకు రంగులకని ఒక నెల అద్దె తగ్గించి ఇస్తానన్నాడు. పెద్దమ్మాయి ఒప్పందం కాగితం తీసింది, ఫోనులో మూడేళ్ళ కిందటి గోడల ఫోటోలు తీసింది. చెమ్మ మరకలు అప్పటి నుంచే ఉన్నాయని, బొగ్గు గీతలున్న గోడ మాత్రం తమదేనని, దానికి రంగు వేయించే ఖర్చు ఇస్తామని నెమ్మదిగా చెప్పింది. పాటి మంచం మీద నుంచి, "ఆ గోడకు రంగు వేయకురా, అలాగే ఉండనీ" అంది. ముప్పై వేలకు ముప్పై వేలూ చేతికి వచ్చాయి. నేను నోరు విప్పలేదు.

కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి నన్ను పెద్ద దిక్కుగా పిలిచారు. చిన్న ఇత్తడి గిన్నె మా ఇంటిదే. పాలు పొంగి స్టవ్వు మీద పడి చుయ్యిమని మంట ఆరింది. నేను చెయ్యి చాపేలోపే పెద్దమ్మాయి నాబు కట్టేసి, కిటికీ తెరిచింది. తరువాత ముగ్గురూ ఆ పాలలో చక్కెర ఎంత వేయాలో వాదించుకోవడం మొదలుపెట్టారు.